ఈ ఎండాకాలం పడవ ఎటు? కళింగపట్నమా కాకినాడా లెక్క ఇలా తేలింది

జనవరి నుంచి ఒకటే గొడవ, ఈ వేసవి ట్రిప్ ఎటు పెట్టుకోవాలని. మాది 24 అడుగుల సెకండ్ హ్యాండ్ ఫైబర్ సెయిల్‌బోటు, అడుగున కీల్ (పడవ ఒరిగిపోకుండా ఆపే రెక్క) నీళ్ళలోకి 4 అడుగులు దిగుతుంది, వెనకాల 5 హెచ్‌పీ మోటారు. మనుషులం ఇద్దరం, నేనూ మా బామ్మర్దీ. వాడికి మొదట్నుంచీ కళింగపట్నం పిచ్చి.

మార్చి మొదటి వారం

చార్టు పరుచుకుని కూర్చున్నాం. వైజాగ్ నుంచి పైకి భీమిలి 15 నాటికల్ మైళ్ళు, కళింగపట్నం 62, గోపాల్‌పూర్ 130 (ఉన్నది నాలుగు రోజుల సెలవు, అక్కడికక్కడే కొట్టేశాం). కిందకి పూడిమడక 20, కాకినాడ 70. చూడ్డానికి కళింగపట్నమే దగ్గర, పైగా వేసవిలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి ఒడ్డు వెంబడే వీస్తుంది, ఈ నెలల్లో సముద్రం కరెంటు కూడా ఈశాన్యానికే లాగుతుంది, అంటే తెరచాప విప్పి కూర్చుంటే 14 గంటల్లో కళింగపట్నం పక్కనే వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఉంటాం. బామ్మర్ది అప్పుడే అరసవల్లి దర్శనం కూడా కలిపేశాడు.

పెదజాలరిపేటలో మాకు లంగరు వెయ్యడం నేర్పిన పెద్దాయనకి చెప్తే నవ్వాడు. "ఎల్లీటప్పుడు గాలి తోస్తాది బావూ, వచ్చీటప్పుడు ఎవుడు తోస్తాడు?"

మార్చి నాలుగో ఆదివారం

ఆ మాట మాకు ఎక్కలేదు, అందుకే గాలికి ఎదురెళ్తే ఎలా ఉంటుందో చూద్దామని పూడిమడక వైపు బయల్దేరాం. తెల్లారి 4కి వైజాగ్ హార్బర్ పక్క కొండ, డాల్ఫిన్స్ నోస్ దాటాం, నేల మీంచి చల్లగా చిన్న గాలి, పడవ బాగానే నడిచింది. 10 దాటాక సముద్రపు గాలి లేచింది చూడండి, అటు ఇటు అడ్డంగా కొట్టుకుంటూ గంటకి మైలు ముందుకెళ్తే గొప్ప, ముందు హాచ్ (డెక్కు మీది మూత) లోంచి నీళ్ళు కారి పరుపు మొత్తం తడిసింది, బామ్మర్ది రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మధ్యాహ్నం 12కి చూస్తే 8 గంటల్లో 13 మైళ్ళు. వెనక్కి తిప్పాం, 3 గంటల్లో ఇంటికొచ్చేశాం! కళింగపట్నం నుంచి 62 మైళ్ళు ఇలా ఎదురెక్కి రావాలంటే సోమవారం ఆఫీసు సంగతి దేవుడెరుగు.

ఏప్రిల్ మొదటి వారం

సో కాకినాడ ఫిక్స్. కష్టం వెళ్ళేటప్పుడే పడదాం, ఒళ్ళు ఫ్రెష్‌గా ఉన్నప్పుడు. వెళ్ళడానికి 30 గంటలు పట్టినా రావడం 15లో అయిపోతుంది. ఇంకోటి, కళింగపట్నం ఒకప్పుడు రేవే గానీ అంతా ఓపెన్ తీరం, కెరటం లేస్తే పడవ దాచుకునే చోటు లేదు, మొగలోకి దూరడం మాకు చేతకాదు. కాకినాడకి హోప్ ఐలాండ్ ఉంది, గోదావరి తెచ్చిపోసిన ఇసుకే, పొడుగ్గా గోడలా అడ్డం పడుకుని తూర్పు కెరటాన్ని ఆపేస్తుంది. లోపలికి ఉత్తరం వైపు నుంచే వెళ్ళాలి, రాత్రయితే వాకలపూడి లైట్‌హౌస్ గుర్తు. బే లోతు తక్కువ, అందుకని పోటు టైమ్ చూసుకునే దూరాలి, బురద మీద కూర్చున్నామంటే మళ్ళీ పోటు వచ్చేదాకా అంతే.

డేట్లు కూడా దాదాపు వాటంతటవే తేలాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు హార్బర్లోనే ఉంటాయి, రాత్రి గుద్దుకునే భయం తక్కువ (లైట్లేని తెప్పలు ఉంటాయి, మేం వాళ్ళకి కనబడేలా టార్చ్ తెరచాప మీద కొట్టడమే). మే వస్తే తుఫాన్ల భయం, 2010లో లైలా, 2022లో అసాని రెండూ మేలోనే. కాబట్టి ఏప్రిల్ ఆఖరి వారం. ఇన్‌కాయిస్ (సముద్రం సంగతి చెప్పే కేంద్ర సంస్థ) వాళ్ళ కెరటాల హెచ్చరిక ఉంటే ట్రిప్ లేదు, అందులో వాదన లేదు.

సామాను: నీళ్ళు 40 లీటర్లు, పెట్రోలు 25, వీహెచ్ఎఫ్ సెట్టు (పడవ రేడియో) ఆపద పిలుపుల 16వ ఛానల్లో, కోస్ట్ గార్డ్ నంబరు 1554 హాచ్ పక్కన మార్కర్‌తో రాసేశా. ఆ హాచ్‌కి కొత్త రబ్బరు వేశాను, పైపుతో పది నిమిషాలు నీళ్ళు కొట్టినా లోపల పొడిగానే ఉంది. తిండి మొదటి రోజుకి పులిహోర, తర్వాత అటుకులు. బామ్మర్ది అరసవల్లి బదులు కాకినాడ కాజా అంటున్నాడు, సర్లే.

ఇంకొక్కటే డౌట్. ప్లాన్ మొత్తం రాత్రి నేల మీంచి వచ్చే గాలి మీదే ఆధారపడి ఉంది, మధ్యాహ్నం పూట ఎదురుగాలిలో మేం నెగ్గలేమని తెలిసిపోయింది కదా. మార్చిలో ఆ గాలి ఉంది, ఏప్రిల్ మధ్యలో కూడా ఉంటుందా అని. 18న అర్ధరాత్రి పూడిమడక దారిలోనే ఉన్న అప్పికొండ దాకా వెళ్ళి చూసొస్తాం.