బావగారి నెమలి చెక్కులు

ఈసారి అమెరికాలో ఓక్‌లాండ్ నుంచి వస్తూ అక్క సూట్‌కేసు అడుగున, చీరల మధ్య ఒక బూట్ల డబ్బా పెట్టుకొచ్చింది. చెన్నై సాలిగ్రామంలో మా హాల్లో చాప మీద కూర్చుని మూత తీసి, "మీ బావగారివే. పారెయ్యబుద్ధి కాలేదు. బ్యాంకులో చేసినదానివి కదా, నువ్వైతే చూస్తావని తెచ్చా" అంది. లోపల రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు, ఏడాదికొకటి. అన్నీ చెల్లిపోయిన చెక్కులే.

నేను చెన్నైలో ఒక బ్యాంకులో ఎక్కువకాలం క్లియరింగ్ సెక్షన్లోనే, అంటే వేరే బ్యాంకుల చెక్కులు చూసే చోటే, ఉన్నాను. చెక్కు చేతికందిందంటే నా కళ్ళు ముందు తేదీ మీదకి, తర్వాత అంకెలూ అక్షరాలూ సరిపోయాయా అని చూడ్డానికి, ఆ తర్వాత సంతకం మీదకి వెళ్ళిపోతాయి. ఆ రోజు మాత్రం వెళ్ళలేదు. చెక్కు నిండా నెమలి ఉంది. నీలం నెమలి, వెనక నారింజ రంగు. పింఛం ఎడమ మూల నుంచి లేచి, సొమ్ము రాసే గీత కింద నుంచి పాకి, కుడివైపు సంతకం దగ్గర విచ్చుకుంది. ఈకల కన్నుల్లో ఏవో అక్షరాలు ఉన్నట్టున్నాయి గానీ నిదానంగా చూస్తే తప్ప చదవడానికి రావు. ఆ పింఛం మీదే నల్ల ఇంకుతో బావగారి చేతిరాత, నలభై రెండు డాలర్లు.

అమెరికాలో చెక్కు పుస్తకం బ్యాంకే ఇవ్వాలని లేదు. చెక్కులు అచ్చువేసే కంపెనీలు వేరే ఉన్నాయి. మన ఖాతా నంబరూ బ్యాంకు నంబరూ ఇస్తే మనకి నచ్చిన బొమ్మతో అచ్చువేసి పోస్టులో పంపిస్తారు. పూలు, కుక్కపిల్లలు, కొండలు అందరూ వేయించుకునేవి. వాటితో పాటు పేరున్న చిత్రకారుల బొమ్మలు, రాక్ కచేరీల పోస్టర్లు గీసేవాళ్ళ బొమ్మలు వేసినవి కూడా దొరికేవి. బావగారు తెప్పించుకున్నవి ఆ రకం. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి 1974లో ఎమ్మెస్ చెయ్యడానికి బర్క్‌లీ వెళ్ళారు. వెళ్ళిన ఏడే ఎవరో తోడుపట్టుకుని శాన్ ఫ్రాన్సిస్కోలో వింటర్‌ల్యాండ్ అనే హాలుకి కచేరీకి తీసుకెళ్ళారట. అప్పట్నుంచీ ఆ పాటలూ ఆ పోస్టర్లూ ఆయన్ని వదల్లేదు. పూజగదిలో వేంకటేశ్వరస్వామి పటం, పక్క గోడకి రాక్ పోస్టరు. ఆ ఇల్లు నేను చూశాను, అక్కడ రెండూ వింతగా అనిపించలేదు.

ఆ పోస్టర్ల కథ ఆయన చెప్పగా నేను విన్నాను. 1966 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్, అవలాన్ అని రెండు హాళ్ళు. వారం వారం కచేరీలు, కచేరీకో పోస్టరు. వెస్ విల్సన్, విక్టర్ మొస్కోసో, రిక్ గ్రిఫిన్, స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ అని ఐదుగురి పేర్లు ముందు చెప్పుకుంటారు. వెస్ విల్సన్ అక్షరాలు మంటల్లా, కరిగిన మైనంలా ఉంటాయి. అంతకు అరవై ఏళ్ళ ముందు వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ రోలర్ అనే ఆయన రాసిన అక్షరాలు చూసి వాటిని ఇంకా సాగదీశాడు. పోస్టరంటే దూరం నుంచే చదివించాలి కదా. ఈయన పోస్టరు దగ్గర ఆగి, నిలబడి, కళ్ళు చిట్లించుకుని చదవాలి. "మనిషిని ఆపుతుందమ్మా అది. ఆగినవాడు మర్చిపోడు" అనేవారు బావగారు.

మొస్కోసోది ఇంకో దారి. యేల్‌లో జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగులు చదువుకున్నవాడు. ఒకదానికొకటి ఎదురు రంగులు తీసుకుని, రెండిటి వెలుగూ సమానంగా ఉండేట్టు పక్కపక్కన పెడతాడు. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నారింజ పక్కన నీలం. ఏది ముందుందో ఏది వెనకుందో కంటికి అందదు, అంచులు వణుకుతాయి. బావగారి నెమలి వణుకు అదే.

ఇక నా సొంత విషయానికి వస్తాను. చెక్కు అడుగున తెల్లటి పట్టీ, అందులో లావూ సన్నం కలిసిన అంకెలు అందరూ చూసే ఉంటారు. దాన్ని ఎమ్ఐసీఆర్ అంటాం. ఆ అక్షరాల రకం పేరు ఈ-13బీ. పది అంకెలూ నాలుగు గుర్తులూ, అంతే. మన దగ్గరా అవే, అమెరికాలోనూ అవే. ఆ ఇంకులో ఇనుము ఉంటుంది, మెషిను ఆ అయస్కాంతాన్ని పట్టుకుని చదువుతుంది. ఆ పద్ధతి పుట్టింది 1950లలో, కాలిఫోర్నియాలో మెన్లో పార్క్‌లో ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో, బ్యాంక్ ఆఫ్ అమెరికా కోసం చేసిన పనిలో. మెన్లో పార్క్ నుంచి ఫిల్‌మోర్ హాలుకి కారులో గంట. అంటే మెషిను తడుముకోకుండా చదివే అక్షరాలూ, మనిషి ఆగి ఆగి చదివే అక్షరాలూ దాదాపు పదేళ్ళ తేడాతో ఒకే తావున పుట్టాయి. అక్క డబ్బాలో ఆ రెండూ ఒకే కాగితం మీద కలిశాయి. ఆరంగుళాల పొడవు, మూడంగుళాలకి కాస్త తక్కువ వెడల్పున్న కాగితం.

నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చిందేమిటంటే, నెమలి తోక ఆ అడుగు పట్టీలోకి కూడా దిగింది. ఈక కొసలు అంకెల వెనక నుంచి పోయాయి. మన దగ్గర ఆ పట్టీ మీద పెన్ను గీత పడితేనే మాకు గుండె ఆగేది. అక్కడ మాత్రం ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఆ మెషినుకి చూపు లేదు. దానికి తెలిసింది ఇనుము ఒక్కటే. నీలం, నారింజ, నెమలి దాని లెక్కలో లేవు. మెషిను గుడ్డిదిగా ఉన్నన్నాళ్ళూ బొమ్మకి చెక్కు మీద ఎంత చోటు కావాలంటే అంత చోటు దొరికింది.

కుడివైపు అడుగున ఇంకో వరస అంకెలు ఉన్నాయి, సొమ్ము. అవి అచ్చులో వచ్చేవి కావు. చెక్కు మొదట చేరిన బ్యాంకులో ఒక మనిషి ఎన్‌కోడర్ అనే అంకెలు కొట్టే మెషిను ముందు కూర్చుని కొట్టాలి. ఆ పని నేను చేశాను. చెక్కు చూడటం, అంకెలు కొట్టడం, పక్కకి తొయ్యడం, ఇంకోటి తీసుకోవడం. ఓక్‌లాండ్‌లో ఎవరో నాలాంటి అమ్మాయే ఈ నెమలిని ఒక్క క్షణం చూసి నలభై రెండు డాలర్లు కొట్టి ఉంటుంది. ఆ ఒక్క క్షణం ఆమె కంటికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో నాకు తెలుసు. రోజంతా పాలిపోయిన కాగితాలే చూసినదాన్ని.

అక్క ఒక్కో కట్టా విప్పుతూ మెమో గీత చూపించింది. అమెరికా చెక్కుల్లో ఎడమవైపు అడుగున ఎందుకిస్తున్నామో రాసుకోవడానికి ఒక గీత ఉంటుంది. అక్కడ బావగారు తెలుగులో రాశారు. "పిల్లాడి వయొలిన్". "పైకప్పు కారింది". "అరటిచెట్టు, మూడోసారి". అరటిచెట్టు దగ్గర అక్క నవ్వింది. ఓక్‌లాండ్ చలికి రెండు చెట్లు పోయాయట, మూడోది మాత్రం బతికిందట. ఒక చెక్కు మీద "ఆవిడకి చెప్పొద్దు" అని ఉంది. అది నగల కొట్టుకి రాసింది. తేదీ అక్క పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు. అక్క ఆ చెక్కు చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. నేను లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళాను.

కట్టలు 2005 దగ్గర ఆగిపోయాయి. "తర్వాత ఇవి పంపడం మానేశారే" అంది అక్క. ఎందుకో నాకు తెలుసు. చెక్ 21 అని 2003లో అక్కడ చట్టం చేశారు, 2004 అక్టోబరు 28 నుంచి అమల్లోకి వచ్చింది. చెక్కు కాగితాన్ని ఊళ్ళు తిప్పక్కర్లేదు, దాని ఫొటోతో చేసిన ప్రతి చాలు. అప్పటిదాకా చెల్లిన చెక్కులన్నీ బావగారి బ్యాంకు నుంచి నెలాఖరు స్టేట్‌మెంటుతో ఆయనకి తిరిగొచ్చేవి. తర్వాత ఆయన బ్యాంకు ఒక కాగితం మీద చిన్న చిన్న నలుపు తెలుపు బొమ్మలు పంపడం మొదలుపెట్టింది. అక్క అది కూడా ఒకటి దాచింది. నెమలి ఎక్కడుందో వెతుక్కోవాలి.

మనకీ అదే జరిగింది. ఢిల్లీలో 2008 ఫిబ్రవరి 1న, మా చెన్నైలో 2011 సెప్టెంబరు 24న సీటీఎస్, అంటే చెక్ ట్రంకేషన్ సిస్టమ్, వచ్చింది. అంతకుముందు రోజూ చెక్కుల మూటలు కట్టి రాజాజీ శాలైలో రిజర్వు బ్యాంకుకి పంపేవాళ్ళం. తర్వాత కాగితం వేసిన బ్యాంకులోనే ఆగిపోయింది, ప్రయాణం చేసేది దాని బొమ్మ. చెక్కుకి మూడు బొమ్మలు తీస్తారు. ముందువైపు బూడిద రంగులో ఒకటి, నలుపు తెలుపులో ఒకటి, వెనకవైపు నలుపు తెలుపులో ఇంకొకటి. మెషినుకి కళ్ళు వచ్చాయి గానీ ఆ కళ్ళకి రంగు కనపడదు. అందుకే సీటీఎస్-2010 ప్రమాణాల్లో చెక్కు నేపథ్యం లేత రంగుల్లోనే ఉండాలన్నారు, రాసిన ఇంకు తేటగా తేలాలి కాబట్టి. ఆ నిబంధన సబబే. బొమ్మ స్పష్టంగా లేదని తిరిగొచ్చిన చెక్కు పట్టుకుని ఆడపిల్ల ఫీజు కట్టడానికొచ్చిన తండ్రి కౌంటర్ ముందు నిలబడితే ఆ ముఖం చూడలేం.

అయినా ఒకటి నాకు ఇంకా బాధగానే ఉంది. గోవిందప్ప నాయకర్ వీధిలో మనవాళ్ళే ఒక పప్పుల వ్యాపారి మాకు పాత ఖాతాదారు. కొత్త చెక్కు పుస్తకం తీసుకోగానే మొదటి చెక్కు నాలుగు మూలలా పసుపు పెట్టేవారు, శుభలేఖకి పెట్టినట్టు. సీటీఎస్ వచ్చాక, "పెద్దాయనా, ఇకమీదట పసుపు వద్దండీ, మెషినులో మచ్చలా పడుతుంది" అని చెప్పాల్సింది నేనే అయ్యాను. ఆయన ఏమీ అనలేదు. తర్వాత ఆ పసుపు పుస్తకం అట్ట మీదకి మారింది. డబ్బు కాగితాన్ని అలంకరించాలన్న కోరిక మనకేం కొత్త కాదు. లెక్కల పుస్తకం మొదటి పేజీలో శ్రీకారం, పసుపు బొట్టు లేకుండా అంకె వేసేవాళ్ళు కాదు మనవాళ్ళు.

ఇదే ఊళ్ళో బాపు గారు ఉండేవారు. వడపళనిలో చందమామ ఆఫీసులో శంకర్ గారు దశాబ్దాల పాటు భేతాళుణ్ణి గీశారు. వడ్డాది పాపయ్య గారి నీటిరంగులు అక్కడే అచ్చయ్యాయి. బాపు బొమ్మ లేని శుభలేఖ మా తరానికి వెలితిగా ఉండేది. పెళ్ళికి పనికొచ్చిన బొమ్మ ఇంటద్దె కట్టే చెక్కుకి ఎందుకు పనికిరాదు? వపా గారి లేత నీలం, లేత గులాబీ పొరలు స్కానరు అడిగే లేత రంగులే కదా.

ఆ ఆలోచన పట్టుకున్నాక ఊరుకోలేకపోయాను. బావగారి చెక్కు ఒకటి తీసుకుని వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్ళాను. "కలర్ ఎడుక్కవా, మేడమ్?" అన్నాడు కుర్రాడు. వద్దు, నలుపు తెలుపే అన్నాను. వచ్చిన కాగితం చూస్తే నెమలి లేదు. నీలం ఎంత ముదురో నారింజా అంతే ముదురు, రెండూ ఒకే బూడిద రంగులోకి దిగిపోయాయి. మన కంటికి వణికిన అంచులు మెషినుకి అంచులే కాకుండా పోయాయి. బావగారి చేతిరాత మాత్రం ఆ బూడిద మీద కనీకనపడకుండా ఉంది. అంటే రెండు రంగుల్నీ ఒకే మోతాదులో బాగా పలచన చేస్తే, మెషినుకి ఉత్త కాగితం, మనిషికి నెమలి!

మా చిన్నది బొమ్మలేస్తుంది. మా నాన్నగారు ఇక్కడే ఒక ప్రెస్సులో నాలుగు రంగుల అచ్చు చూసేవారు, ఆ చెయ్యి దానికొచ్చింది. మన చెక్కు కొలత, ఎనిమిదంగుళాల పొడవు, చెప్పి కాగితం కోయించాను. లేత నారింజ తడి పూత, ఆరాక దాని మీద అంతే లేత నీలంతో నెమలి. మొదటిసారి నీలం ముదిరింది, జిరాక్స్‌లో తోక నల్లగా పడింది. రెండోసారి నారింజ చాలలేదు, మెడ కనపడింది. నాలుగో కాగితానికి కుదిరింది. నేను దాని మీద బ్యాంకు పేరూ నంబర్లూ ఏమీ లేకుండా, అక్క పేరూ నూటపదహార్లూ అంకెల్లో, అక్షరాల్లో నల్ల పెన్నుతో రాసి షాపుకి పట్టుకెళ్ళాను. కుర్రాడు జిరాక్స్ తీసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "మయిల్ ఎంగే పోచ్చు?" అన్నాడు, నెమలి ఎటు పోయిందని. జిరాక్స్ మీద నా రాత ఒక్కటే ఉంది, నల్లగా, తేటగా.

మన చెక్కుల్లో మెమో గీత ఉండదు. ఎడమవైపు అడుగున స్కేలు పెట్టి నేనే ఒకటి గీశాను. అక్క ఓక్‌లాండ్ వెళ్ళే రోజు ఆ గీత మీద "అరటిచెట్టుకి" అని రాసి, బూట్ల డబ్బాలో 2005 కట్ట పక్కన పెట్టాను.