హీటర్‌కి సరే, ఫ్యాన్‌కి కుదరదు

ఈరోజు పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డు దగ్గర కారం ప్యాకింగ్ యూనిట్‌లో పని. షెడ్డులో అడుగు పెట్టగానే తుమ్ములు. అక్కడి ఆడవాళ్లు కొంగు ముక్కుకి చుట్టుకుని కబుర్లాడుకుంటూ పని కానిచ్చేస్తారు. నాకు మాస్కున్నా కళ్లు మండుతూనే ఉంటాయి.

గొడవంతా పౌచ్‌లు సీల్ చేసే మెషీన్‌ది. కొన్ని పౌచ్‌లు అంచు దగ్గర మాడుతున్నాయి, కొన్ని సరిగ్గా అతుక్కోక కారం రాలుతోంది. ప్యానెల్ విప్పితే హీటర్లకి కరెంటు కలిపి తెంపే కాంటాక్టర్ పాయింట్లు నల్లబడి గుంటలు పడున్నాయి. రెండు హీటర్లు, ఒక్కోటి 500 వాట్లు. టెంపరేచర్ కంట్రోలర్‌లో తప్పేం లేదు. కాంటాక్టర్‌ని మాటిమాటికీ కొట్టిస్తే అరిగిపోతుందని సైకిల్ టైమ్, అంటే ఒకసారి ఆన్ అయి ఆఫ్ అయ్యే చుట్టు, 20 సెకన్లు పెట్టారు. ఆ లోపు పౌచ్‌ని నొక్కి అతికించే జా ఒకసారి బాగా వేడెక్కుతుంది, ఒకసారి చల్లబడుతుంది. పైగా కాంటాక్టర్ టక్‌మన్నప్పుడల్లా పక్కనున్న కాటాలో అంకె ఎగురుతోంది. కాటాలో బరువు పసిగట్టే లోడ్ సెల్ ఇచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. దాని పక్కన 230 వోల్టుల లైను నిప్పురవ్వలతో తెగి అతుకుతుంటే అంకె నిలకడగా ఎలా ఉంటుంది?

కాంటాక్టర్ పనిని జీరో క్రాసింగ్ ఎస్ఎస్ఆర్‌కి (సాలిడ్ స్టేట్ రిలే, కదిలే పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ స్విచ్చు) అప్పగించాను. ఆపరేటర్ కుర్రాడు ఐటీఐ చదివినవాడు, వదల్లేదు. "ఇది కూడా స్విచ్చే కదన్నా, తేడా ఏంటి?" అన్నాడు. కాగితం మీద కరెంటు అల గీసి చూపించాను. మనది 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సైకిళ్లు, ఒక్కో సైకిల్‌కి రెండేసి చొప్పున వోల్టేజి 100 సార్లు సున్నా దాటుతుంది. ప్రతి 10 మిల్లీసెకన్లకీ ఒకసారన్నమాట. మామూలు స్విచ్చు వేసే క్షణానికి వోల్టేజి ఎక్కడుంటుందో చెప్పలేం, ఒక్కోసారి శిఖరం మీద 325 వోల్టుల దగ్గరే దొరకొచ్చు. అప్పుడు కరెంటు ఒక్కసారిగా పైకి లేస్తుంది, డిస్టర్బెన్స్ అక్కడే పుడుతుంది. ఇదైతే కంట్రోలర్ ఆన్ అన్నా తర్వాతి సున్నా దాకా ఆగి, అక్కణ్ణుంచి కరెంటుని మెల్లగా ఎక్కనిస్తుంది. ఆపేటప్పుడు దాని లోపల కరెంటుని కలిపి తెంపే ట్రయాక్ ఎలాగూ కరెంటు సున్నాకి వచ్చాకే వదులుతుంది. ఇప్పుడు సైకిల్ టైమ్ 1 సెకను. 40 శాతం వేడి కావాలంటే సెకనులో ఉన్న 50 సైకిళ్లలో 20 వెళ్తాయి, మిగతావి ఆగుతాయి. ఇనుప జాకి ఈ తేడా తెలియదు, వేడి సమంగా నిలబడుతుంది.

మధ్యాహ్నానికి సీలు నీటుగా పడుతోంది, కాటా కూడా కుదురుకుంది. యజమానికి హుషారొచ్చింది. "ఏమయ్యా, ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా దీంతోనే స్లో చేయరాదా?" అన్నారు. కుదరదండీ అన్నాను. హీటర్‌కి కొన్ని సైకిళ్లు ఇచ్చి కొన్ని ఆపితే చెల్లుతుంది గానీ, ఫ్యాన్ అలా ఇస్తే కుదుపులతో తిరుగుతుంది. దానికి ప్రతి అర సైకిల్‌లోనూ కొంత భాగం కోసి ఇవ్వాలి, అంటే సున్నా దగ్గర కాకుండా మధ్యలో ట్రిగ్గర్ చేయాలి. అది వేరే సర్క్యూట్.

ఈ తేడా పార్టులు అమ్మేవాళ్లలోనే కొందరికి పట్టదు. మొన్నో షాపులో డిమ్మర్‌కని ట్రయాక్‌ని ట్రిగ్గర్ చేసే చిప్ ఎంఓసీ3021 అడిగితే ఎంఓసీ3041 చేతిలో పెట్టి "ఏదైనా ఒకటేనండీ" అన్నాడు. చూడ్డానికి రెండూ ఆరు కాళ్ల చిన్న ముక్కలే, కానీ 3041లో జీరో క్రాసింగ్ లోపలే ఉంటుంది. అల కాస్త పైకెక్కాక లోపలి ఎల్ఈడీ వెలిగించినా అది ట్రిగ్గర్ అవ్వదు. డిమ్మర్‌లో వేస్తే వెలుతురు తగ్గడం, పెరగడం ఉండదు, అయితే ఫుల్లు లేకపోతే నిల్లు.

ట్రాన్స్‌ఫార్మర్ కథ ఇంకా తిరకాసు. సున్నా దగ్గర ఆన్ చేస్తే అన్నిటికీ మెత్తగా ఉంటుందనుకుంటాం. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌లో అయస్కాంత ఫ్లక్స్ వోల్టేజి వెనకాల పావు సైకిల్ ఆలస్యంగా నడుస్తుంది. వోల్టేజి సున్నా దగ్గర మొదలుపెడితే మొదటి అర సైకిల్లోనే ఫ్లక్స్ మామూలు శిఖరానికి దాదాపు రెట్టింపుకి పోయి కోర్ సాచురేట్ అవుతుంది, అంటే ఇక అంత ఫ్లక్స్ మోయలేదు, ఫ్యూజు ఎగిరేంత కరెంటు లాగుతుంది. దానికి శిఖరం దగ్గర ఆన్ చేయడమే మంచిది. అందుకే నా మటుకు నేను లోడు ఏంటో అడక్కుండా ఎస్ఎస్ఆర్ కొనను, కొననివ్వను.

సాయంత్రం బిల్లు దగ్గర బేరం తప్పలేదు. కొత్తది పెట్టాక కాంటాక్టర్ ఎందుకుంచావని యజమాని అడిగారు. ట్రయాక్ పోతే ఎక్కువగా షార్టై పోతుంది, హీటర్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. అందుకే కొత్త పాయింట్లు వేసిన కాంటాక్టర్‌ని సిరీస్‌లో ఉంచి హై టెంపరేచర్ అలారంకి కట్టాను, హద్దు దాటితే లైను కోసేస్తుంది. కుర్రాడికి ఒకటికి రెండుసార్లు చెప్పాను: ఎస్ఎస్ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా లీకేజీ ఉంటుంది, ఎంసీబీ దించకుండా హీటర్ వైరు ముట్టుకోవద్దని. ఈ లోడుకి నాలుగున్నర ఆంపియర్ల లోపే గానీ, ఎస్ఎస్ఆర్ మీద ఐదు వాట్ల దాకా వేడి పుడుతుంది. ఆ వేడిని లాగేసే హీట్ సింక్ మీద కారం పేరుకోకుండా వారానికోసారి తుడవమన్నాను.

రెండో మెషీన్‌కీ ఇదే పెట్టమన్నారు. దాని హీటర్‌కి ముందు ఏదో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టు కనిపించింది. రేపు ప్యానెల్ విప్పి చూశాకే రేటు చెబుతానన్నాను.