పంటు ఎక్కిన ఆదివారం

నిన్న ఆరాధనలో కానుకల సంచి నా ముందుకు వచ్చినప్పుడు చెయ్యి ఆగిపోయింది. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి నీ సహోదరునితో సమాధానపడు అని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట గుండెలో గుచ్చుకుంది. నా అన్నయ్య ఉండేది సఖినేటిపల్లిలో, గోదావరికి ఆవలి ఒడ్డున. మా మధ్య ఆరేళ్లుగా మాటల్లేవు.

గొడవ నీటి గురించే. దాళ్వాలో, అంటే రబీ వరి పంటకు, కాలువ నీటికి వంతులు పెట్టారు. అన్నయ్య వంతు రాత్రి, పొలాలకు నీరు పారే బోదె మడవ నా చేనుకు తిప్పుకున్నాను. పొట్ట మీదున్న, ఇంకా కంకి బయటికి రాని ఆయన వరి ఎండిపోయింది. అడిగితే నేను కాదన్నాను. ఆ అబద్ధమే ఇన్నేళ్లూ నన్ను తిన్నది.

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాక కాళ్లు వణికాయి. 'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' అని మనసులోనే పదేపదే చెప్పుకున్నాను. అపొస్తలుడైన పౌలు ఆ మాట రాసింది బంధకాల్లో, అంటే చెరలో ఉండి. గెలుపు కోసం కాదు, కలిమిలోనూ లేమిలోనూ నిలబడటం గురించి. ఇన్నాళ్లూ నేను దాన్ని పిల్లల పరీక్షలకు మాత్రమే వాడాను. వశిష్ట గోదావరి మధ్యలో నాకు కావలసింది తప్పు ఒప్పుకునే నోరు. ప్రభువు అదే ఇచ్చాడు.

వదిన తలుపు తీసింది. "అన్నయ్యా, ఆ రాత్రి మడవ తిప్పింది నేనే" అన్నాను.

చాలాసేపు మౌనం. తర్వాత, "తెలుసురా" అన్నాడు అన్నయ్య. "అన్నం తిని వెళ్లు."

ఆ కానుక ఇంకా నా జేబులోనే ఉంది. వచ్చే ఆదివారం వేస్తాను.