సుత్తి చప్పుడు వినబడని దేవాలయం

బైబిలులోని రాజుల మొదటి గ్రంథం 6వ అధ్యాయంలో, సొలోమోను రాజు యెరూషలేములో కట్టించిన దేవాలయం పొడవు 60 మూరలు, వెడల్పు 20 మూరలు, ఎత్తు 30 మూరలు అనే లెక్కల పక్కనే 7వ వచనం ఒదిగి ఉంది. రాళ్లను గని వద్దనే చెక్కి సిద్ధపరచి తెచ్చినందువల్ల, మందిరం లేస్తున్నంత కాలం అక్కడ సుత్తి గాని గొడ్డలి గాని మరే ఇనుప పనిముట్టు గాని వినబడలేదని అది చెబుతుంది. కొలతలతో పాటు ఈ మాటను కూడా దాటిపోయేవారే ఎక్కువ.

చప్పుడు లేకపోలేదు. కొండల్లో 80,000 మంది రాళ్లు కొట్టారు. చప్పుడంతా అక్కడే జరిగిపోయింది. ఇంటి ముందు నాపరాళ్లు పరిపించుకున్న ఎవరికైనా తెలుసు, అంచు తీయని రాయి పక్క రాయితో కలవదు, మధ్యలో ఎంత సిమెంటు కూరినా సందు సందుగానే మిగులుతుంది. రాయిని చెక్కేది దాని అందం కోసమే కాదు, పక్కన కూర్చోబోయే రాయి కోసం కూడా. క్రీస్తు శిష్యుడు పేతురు తన మొదటి లేఖలో విశ్వాసులమైన మనల్ని సజీవ శిలలు అన్నప్పుడు ఈ గని పని అంతా మన మీదికి వచ్చింది. పైగా ప్రాణమున్న రాయికి అలక కూడా ఉంటుంది, లేచి వెళ్లిపోనూ గలదు.

నాకు తెలిసిన ఒక విచారణలో, అంటే ఒక గురువు ఆధ్వర్యంలోని కతోలిక సంఘంలో, ఈ గని పని చేయకుండానే కొత్త దేవాలయానికి శంకుస్థాపన చేశారు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న తగాదాతో కమిటీ రెండుగా చీలింది. స్తంభాలు సగంలో ఆగిపోయి, పైకి పొడుచుకొచ్చిన చువ్వలు తుప్పుపట్టాయి. నా మనసును ఎక్కువగా కలచివేసింది మరొకటి. పక్షవాతంతో మంచాన పడిన ఒక పెద్దాయన గడపను నెలల తరబడి ఎవరూ తొక్కలేదు, పూజలో పంచే పవిత్ర అప్పమైన సత్ప్రసాదం తెస్తామని కబురైనా పంపలేదు. చివరికి ఆ గడప దాటింది రసీదు పుస్తకం. ఇంటికి ఇంత అని చందా విధించేవారు రాజుల మొదటి గ్రంథం 12వ అధ్యాయం వరకూ చదవాలి. సొలోమోను మోపిన కాడి బరువును తగ్గించమని ప్రజలు అడిగితే అతని కుమారుడు వినలేదు, రాజ్యం చీలిపోయింది.

1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 515వ నియమంలో విచారణను విశ్వాసుల సముదాయంగానే నిర్వచిస్తుంది. ఆ నిర్వచనంలో కట్టడం ఊసే లేదు. 1215వ నియమం ప్రకారం కొత్త దేవాలయానికి పీఠాధిపతి (బిషప్) అనుమతి ఇవ్వాలంటే అది ఆత్మల మేలుకు ఉపకరిస్తుందని, అవసరమైన వనరులకు కొరత రాదని ఆయన నిర్ధారించుకోవాలి. ఆత్మల మేలు ముందు, వనరులు తరువాత. మన సమావేశాల్లో చర్చ రెండోదానితో మొదలై అక్కడే ముగుస్తోంది.

విజయవాడలోని గుణదల సంగతే చూడండి. 1924లో ఫాదర్ అర్లాటి అక్కడ మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. పెద్ద దేవాలయం పూర్తయింది 1971లో. నడుమ దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆ కొండను పుణ్యక్షేత్రంగా నిలిపింది మెట్లెక్కిన కాళ్లు, జపమాల తిప్పిన వేళ్లు.

ఆలయం పాడుబడి ఉండగా మీరు పలకలు పరచిన ఇళ్లలో ఉండడం తగునా అని బైబిలులో హగ్గయి ప్రవక్త గద్దించలేదా అంటారు కొందరు. గద్దించాడు. బద్ధకస్తులకు ఆ మాట తగలవలసిందే. అయితే ఒకరితో ఒకరు మాట్లాడుకోనివారి చేత గోడ కట్టించమని ఆ ప్రవక్త చెప్పలేదు.

కాబట్టి ప్లాను గీయించే ముందు విచారణలోని ఇళ్ల జాబితా రాయండి. పూజకు రావడం మానేసినవారి గడపకు రసీదు పుస్తకం లేకుండా వెళ్లండి. పొలం గట్టు దగ్గర విడిపోయిన అన్నదమ్ములను ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్సుకాలంలోనైనా ఒక చాప మీద కూర్చోబెట్టండి. దానికి రెండేళ్లు పడితే పట్టనివ్వండి, పూజ అంతవరకూ పందిరి కిందనే జరగనివ్వండి.

ఆ విచారణలో ఇప్పుడు సగంలో ఆగిన స్తంభాల నీడన ప్రతి శుక్రవారం ముగ్గురు నలుగురు తల్లులు జపమాల చెబుతున్నారు. పోయిన నెల రెండో పక్షంవారి కోడలు ఒకామె వచ్చి, ఎవరూ పిలవకుండానే చాప చివర కూర్చుంది. వాళ్లు జరిగి చోటిచ్చారు.