మా ఇంటి కంప్యూటర్‌లో చేరిన బ్యాక్‌డోర్‌ను వదిలించుకున్న వైనం: నా అనుభవం

హనుమకొండ నయీంనగర్‌లోని మా ఇంటి కంప్యూటర్‌ను నేను కళాశాల ప్రశ్నపత్రాలు టైపు చేయడానికీ, మా మేనల్లుడు ఉద్యోగ దరఖాస్తులు నింపడానికీ వాడుతుంటాము. పాత తెలుగు ఫాంట్లతో పనిచేసే ఒక టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను దుకాణంలో వేయించినప్పుడు, యాంటీవైరస్ ఆపితే తప్ప అది ఎక్కదని చెప్పి దుకాణంవారే ఆపి, ఎక్కించి ఇచ్చారు. అది లైసెన్సు లేకుండా నడిచేలా క్రాక్ చేసిన కాపీ అని తరువాత తెలిసింది.

కొన్నాళ్లకు విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ ‘డిఫెండర్’ సెట్టింగులు తెరిచి చూస్తే, తనిఖీ నుంచి మినహాయించిన ఫోల్డర్ల జాబితాలో ఏకంగా సి డ్రైవ్ మొత్తం కనిపించింది. మా ఇంట్లో ఎవరూ దానిని అక్కడ చేర్చలేదు. బయటివాడు మనకు తెలియకుండా లోపలికి రావడానికి దొంగదారి తెరిచి ఉంచే ప్రోగ్రాము, అంటే బ్యాక్‌డోర్, చేరిందేమోనని అనుమానం వచ్చింది. అప్పటికి కంప్యూటర్ నెమ్మదించలేదు, అక్కరలేని ప్రకటనలు రాలేదు, ఒక్క ఫైలు కూడా పోలేదు. ఉనికి బయటపడకుండా ఉండటమే బ్యాక్‌డోర్‌కు కావలసింది కనుక పైకి అంతా సవ్యంగా ఉండటాన్ని నేను భరోసాగా తీసుకోలేదు.

అది ఎలా పనిచేస్తుందో తెలియకుండా వెతకడం వృథా. 1998లో ‘కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ’ అనే హ్యాకర్ల బృందం విడుదల చేసిన ‘బ్యాక్ ఆరిఫిస్’ వంటి పాతకాలపు ప్రోగ్రాములు కంప్యూటర్‌లో ఒక పోర్టు (నెట్‌వర్క్ కనెక్షన్లకు వాడే, అంకెతో గుర్తించే ద్వారం) తెరిచి, బయటి నుంచి వచ్చే ఆదేశం కోసం కాచుకుని ఉండేవి. దాని పోర్టు 31337 అన్నది అప్పట్లో అందరికీ తెలిసిన సంగతే. రౌటర్లూ ఫైర్‌వాల్‌లూ బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకోవడం మామూలయ్యాక ఈ పద్ధతి తిరగబడింది. ఇప్పటివాటిలో చాలా మటుకు లోపలి నుంచే బయటి సర్వర్‌కు కనెక్ట్ అవుతాయి. బ్రౌజర్ కూడా చేసేది అదే కాబట్టి ఫైర్‌వాల్ సాధారణంగా పట్టించుకోదు. ఒకసారి ఆ దారి ఏర్పడితే అవతలివాడు మనం నొక్కే మీటలను నమోదు చేయగలడు, తెర ఫొటో తీయగలడు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను తీసుకోగలడు, వేరే మాల్‌వేర్‌ను (హానికర ప్రోగ్రాములను) కూడా దింపగలడు.

అందుకే ఇంటర్నెట్ తీసేయకముందే, బ్రౌజర్‌తో సహా అన్నీ మూసి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, కంప్యూటర్‌కున్న నెట్‌వర్క్ కనెక్షన్లను చూపే నెట్‌స్టాట్ ఆదేశానికి ఏ, ఎన్, ఓ అక్షరాలు జోడించి నడిపాను. ‘లిజనింగ్’ (కనెక్షన్ కోసం కాచుకుని ఉన్నవి) అని ఉన్న 135, 445 పోర్టులు విండోస్‌వే. వాటిని చూసి కంగారుపడనక్కర లేదు. చూడవలసింది ‘ఎస్టాబ్లిష్డ్’ (కనెక్షన్ నడుస్తున్నవి) అని ఉన్న వరుసలను. వాటిలో ఒకటి ఎంతకీ పోలేదు. వరుస చివర ఉన్న ప్రాసెస్ సంఖ్యను టాస్క్ మేనేజర్‌లోని ‘డీటెయిల్స్’లో వెతికితే ‘ఎస్‌వీసీహోస్ట్’ అని వచ్చింది. ఆ పేరుతో విండోస్ సొంత ప్రాసెస్‌లు పదుల కొద్దీ నడుస్తుంటాయి, కాబట్టి పేరును బట్టి ఏమీ తేల్చలేము. కుడి క్లిక్ చేసి అది ఉన్న చోటు తెరిచాను. అసలుది విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండాలి. ఇది నా యూజర్ పేరు కింద యాప్‌డేటాలోని రోమింగ్ ఫోల్డర్‌లో ఉంది.

నెట్ వైరు పీకి, ప్రాసెస్‌ను ఆపి, ఫైలును తొలగించాను. రీస్టార్ట్ చేయగానే అదే పేరుతో, అదే చోట మళ్లీ ప్రత్యక్షమైంది. కాజీపేటలో ఉండే మా బావమరిది నెట్‌వర్క్ పనులు చేస్తాడు. ఫోన్‌లో సంగతి విని, “ఫైలు తీసేస్తే ఏమైతది బావా, దాన్ని మళ్లా తెచ్చిపెట్టేది ఇంకోటి ఉంటది, ముందు దాన్ని పట్టు” అన్నాడు. అతని ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ వారి ‘ఆటోరన్స్’ దింపి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. విండోస్‌తో పాటు తమంతట తాముగా మొదలయ్యే ప్రోగ్రాములన్నిటినీ అది ఒకేచోట చూపుతుంది. మైక్రోసాఫ్ట్ సొంత ఎంట్రీలను దాచే ఆప్షన్ పెట్టగానే జాబితా చేతికందేంత చిన్నదైంది. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని ‘రన్’ కీలో ఒకటి, అనుకున్న వేళకు పనులను నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో బ్రౌజర్ అప్‌డేట్‌ను పోలిన పేరుతో మరొకటి దొరికాయి. ఆ రెండవది పవర్‌షెల్ స్క్రిప్టును (విండోస్‌కు ఇచ్చే ఆదేశాల వరుసను) నడిపి, పోయిన ఫైలును తిరిగి పెడుతోంది. ముందుగా ఆ టాస్క్‌నూ దాని స్క్రిప్టునూ, తరువాత రన్ కీలోని ఎంట్రీని, చివరికి ఫైలును తీసేశాక అది తిరిగి రాలేదు. మినహాయింపుల జాబితాను ఖాళీ చేసి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. విండోస్ మొదలు కాకముందే నడిచే తనిఖీ కనుక దాని నుంచి మాల్‌వేర్ దాక్కోవడం కష్టం. అందులో మేము గమనించని ఇంకో ఫైలు దొరికింది.

ఇక శుభ్రం చేయడం మీద నాకు నమ్మకం పోయింది. ఇన్నాళ్లూ అవతలివాడు ఏమేమి దింపాడో, ఏమేమి మార్చాడో ఏ స్కానరూ పూర్తిగా చెప్పలేదు. డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకుని, ఇన్‌స్టాలర్లన్నీ వదిలేశాను. బావమరిది ల్యాప్‌టాప్‌లోనే తయారుచేసిన 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో పాత పార్టిషన్లు (డిస్క్‌లోని భాగాలు) అన్నీ తీసేసి విండోస్ 11 వేశాము. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి పాతదే మళ్లీ వేయడంలో అర్థం లేదు.

అంతకన్నా ముందే, కంప్యూటర్‌ను ముట్టకుండా ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చాను. పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే చాలదు. లాగిన్ కుకీలు (మనం లాగిన్ అయి ఉన్నామని బ్రౌజర్ దాచుకునే గుర్తులు) దొంగిలించినవాడు పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రాగలడు కాబట్టి అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయాలి. మెయిల్‌లో ఫార్వర్డింగ్ అడ్రసు ఏదైనా పెట్టి ఉందేమో కూడా చూశాను, లేదు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయవలసి వచ్చేది; ఆ అవసరం పడలేదు.

ఇప్పుడు మేనల్లుడూ నేనూ రోజువారీ పనికి స్టాండర్డ్ అకౌంట్లే వాడుతున్నాము, అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ వేరుగా ఉంది. తెలుగు టైపింగ్‌కు విండోస్‌లోనే ఉన్న కీబోర్డు సరిపోతోంది. పాత ఫాంట్లలో ఉన్న ప్రశ్నపత్రాలను మాత్రం ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మార్చుకోవలసి వస్తోంది. ఒత్తులు తారుమారవుతుండటంతో ప్రతి పేజీనీ చదివి దిద్దుకుంటున్నాను.