రోజూ పడిన బ్యాకప్‌లో లెడ్జర్ లేదు

కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే సగం సంగతులు మర్యాద కోసం మింగేస్తాను.

భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబులో కంప్యూటరు పని నాది. ఉండి, కాళ్ల, ఆకివీడు వైపు రైతులు బాటిళ్లలో చెరువు నీళ్లు, ఆక్సిజన్ కవర్లలో వనామీ రొయ్యలు పట్టుకొస్తారు. అమ్మోనియా, ఆల్కలినిటీ, విబ్రియో బ్యాక్టీరియా చూస్తాం. వైట్ స్పాట్, ఈహెచ్‌పీ అనే రొయ్య జబ్బులకి పీసీఆర్ పరీక్ష చేస్తాం. రొయ్య పేగుని మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి రిపోర్టుకి జత చేస్తాం. ఆ ఫొటోలూ, ఎవరు ఎంత బాకీ అన్న లెక్కలూ అన్నీ ఒకే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటాయి, వెర్షన్ 8.0. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు రోజూ రాత్రి బ్యాకప్ తీసే కమాండ్ రాసి ఉన్న బ్యాట్ ఫైలు ఒకటి, వేళకి దానంతటదే నడిచేలా విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి వెళ్లారు. పొద్దున్నే ఫోల్డర్‌లో ఆ తేదీతో ఫైలు ఉండేది. అందరం హాయిగా ఉన్నాం.

వేసవి పంట మొదలవకముందే కొత్త కంప్యూటరు తెప్పించారు. మైఎస్‌క్యూఎల్ ఎక్కించడం, సాఫ్ట్‌వేర్ పెట్టడం ఇట్టే అయిపోయాయి. ముందు రాత్రి బ్యాకప్ ఎక్కించాను, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే రైతుల పేర్లున్నాయి, బాకీలు లేవు. అసలు బాకీల లెక్క ఉండే లెడ్జర్ అనే టేబులే లేదంది.

పాత కంప్యూటర్‌లో బ్యాట్ ఫైల్లోని కమాండ్‌ని నల్ల విండోలో నేనే కొట్టాను. అప్పుడు బయటపడింది: ఎర్రర్ 2020, ఇమేజెస్ టేబుల్ డంప్ చేస్తుండగా మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ కన్నా పెద్ద ప్యాకెట్ వచ్చింది, ఫలానా వరుస దగ్గర. మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ అంటే ఒక్క విడతలో పంపగల డేటాకి హద్దు. బ్యాకప్ ఫైలు రాసే డంప్ ప్రోగ్రామ్, అంటే మైఎస్‌క్యూఎల్‌డంప్, టేబుళ్లను పేర్ల వరుసలో తీస్తుంది. ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఇమేజెస్ తర్వాత వచ్చేవి ఇన్వాయిసెస్, లెడ్జర్, పాండ్స్, శాంపిల్స్. ఇమేజెస్ దగ్గర ఆగిపోతే వెనకాలవి ఏవీ ఫైలులోకి రావు. వచ్చినంతవరకు ఫైలు శుభ్రంగానే ఉంటుంది కాబట్టి ఎక్కించేటప్పుడు కిక్కురుమనదు. పాత బ్యాకప్‌లన్నీ వరసగా చూశాను. దసరా దాటాక మైక్రోస్కోప్‌కి కొత్త కెమెరా పెట్టారు. ఆ వారం నుంచి ఫైలు సైజు పెరగడమే మానేసింది. ఎర్రర్ మాత్రం రోజూ రాత్రి వస్తూనే ఉంది. దాన్ని ఎక్కడా రాసిపెట్టే ఏర్పాటు ఆ అమ్మినవాళ్లు చేయలేదు.

ఇక అసలు కథ. సంక్రాంతికి ఓనరు గారి అల్లుడు గారు వచ్చి ఉన్నారు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. ముక్కనుమ నాడు ల్యాబ్ తెరిచాం. సంగతి విని ఆయనే స్వయంగా వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. గోదావరి జిల్లాల్లో పండక్కి వచ్చిన అల్లుడి మాటకి ఎదురు చెప్పినవాడు లేడు, నేను మొదటివాణ్ని కాదలచుకోలేదు.

"ప్యాకెట్ సైజే కదా, రెండు నిమిషాల పని" అన్నారు. సర్వర్ సెట్టింగ్ మార్చే సెట్ గ్లోబల్ కమాండ్ కొట్టి విలువ 1జీ అని వేశారు. తీసుకోలేదు. జీ, ఎం అక్షరాలు కాన్ఫిగ్ ఫైల్లోనూ కమాండ్ లైన్‌లోనూ చెల్లుతాయి గానీ సెట్ గ్లోబల్‌లో చెల్లవు, అంకెలే వేయాలి. ఫోన్‌లో చూసి 107,37,41,824 అని వేశారు. తీసుకుంది. "చూశావా" అన్నట్టు నా వైపు తిరిగి డంప్ నడిపారు. అదే ఎర్రర్, అదే వరుస.

"సర్వీస్ రీస్టార్ట్ చెయ్" అన్నారు. "బయట రిపోర్టుల కోసం జనం ఉన్నారండీ" అన్నాను. "చెయ్యమన్నాను కదా" అన్నారు. చేశాను. సాఫ్ట్‌వేర్ అందరి సిస్టమ్స్‌లోనూ పడిపోయింది. కాళ్ల నుంచి వచ్చిన రైతు ఒకాయన రొయ్యల కవరు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఏవండీ, పొద్దున్నుంచీ నిలబెట్టారు, రిపోర్టు ఇస్తారా, చెరువుకి పొమ్మంటారా?" అని నన్నే అడిగాడు. సర్వీస్ లేచాక అల్లుడు గారు విలువ చూశారు: 6,71,08,864. ఆయన పెట్టింది పోయి మళ్లీ మొదటికొచ్చింది.

"ఏం నొక్కావు నువ్వు?"

నేను మౌస్ కూడా ముట్టుకోలేదు. అదే చెప్పాను. ఓనరు గారు వెనక నిలబడి ఉన్నారు. "ఒక్క లైను మార్చడం రాకపోతే మరి జీతం దేనికయ్యా?" అన్నారు, అందరూ వింటుండగా. రైతులు విన్నారు, పీసీఆర్ అమ్మాయి విన్నది, టీ తెచ్చిన కుర్రాడు కూడా విన్నాడు. ఏడేళ్ల బిడ్డని మందలించినట్టుంది ఆ గొంతు.

ఆ రాత్రి నేను చదువుకుని తెలుసుకున్న ముక్క ఇది. సెట్ గ్లోబల్‌తో పెట్టిన విలువ సర్వర్ ఆగేదాకే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది. నిలవాలంటే 8.0లో సెట్ పర్సిస్ట్ ఉంది, లేదా కాన్ఫిగ్ ఫైల్లో రాయాలి. అంటే మందు వేసిందీ ఆయనే, కక్కించిందీ ఆయనే. తిట్లు నాకు. ఇంకో సంగతి, మారిన విలువ కొత్తగా తెరిచిన కనెక్షన్‌కే వర్తిస్తుంది. అప్పటికే తెరిచి ఉన్న విండోలో చూసి మారలేదని కంగారు పడేవాళ్లున్నారు.

ఆఖరికి అల్లుడు గారు లేస్తూ, "దీన్ని మొత్తం తీసేసి రీఇన్‌స్టాల్ చేసేయండి" అని భోజనానికి వెళ్లిపోయారు. లెడ్జర్ ఉన్నది ఆ ఒక్క కంప్యూటర్‌లో, దానికి బ్యాకప్ లేదు, దాన్నే తీసేయమంటున్నారు! ఆ ఒక్క మాట మాత్రం నేను వినలేదు. ఇవాళ మా ఓనరు గారు బాకీలు వసూలు చేసుకుంటున్నారంటే నేను విననందుకే. పెద్ద జీతం చూసి పెద్ద చదువు అనుకుంటాం, పెద్ద చదువు చూసి అన్నీ వచ్చు అనుకుంటాం. మన జబ్బు అది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేస్తే ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం) గడువు అయిపోయింది, కడితే చూస్తాం అన్నారు. మరీ అడిగితే, "పెద్ద ఫొటోలు డిలీట్ చేసేయండి సార్" అని ఉచిత సలహా ఇచ్చారు. రేపు రైతు వచ్చి నా రొయ్యకి ఏ జబ్బని రాశారో చూపించమంటే వీళ్లొచ్చి చూపిస్తారా?

మైఎస్‌క్యూఎల్‌డంప్‌కి హెల్ప్ అని కొడితే పేజీలకు పేజీలు వస్తుంది. అది ఎవరూ చదవరు, నేను చదివాను. చివర్లో ఆ ప్రోగ్రామ్ తాలూకు విలువల పట్టిక ఉంది. అందులో మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ 2,51,65,824 అని ఉంది. 24 ఎంబీ. సర్వర్‌కి 64 ఎంబీ, డంప్ ప్రోగ్రామ్‌కి 24 ఎంబీ, దేనిది దానిదే. మన కాలువల మీద లాకులున్నట్టే: పై లాకు ఎంత వెడల్పు చేసినా కింది లాకు ఇరుకైతే పడవ అక్కడే ఆగుతుంది. సర్వర్ విలువని అల్లుడు గారు 1 జీబీకి పెంచినా అందుకే ఫలితం లేకపోయింది.

మరి ఆ వరుసలో అంత పెద్దది ఏముంది? ఎర్రర్‌లో చెప్పే వరుస నంబరు రికార్డు ఐడీ కాదు, దాన్ని పట్టుకుని వెతికితే వేరే ఫొటో దొరుకుతుంది. లెంగ్త్ ఫంక్షన్‌తో ఫొటోల సైజుని పెద్దవి పైకి వచ్చేలా అడిగాను. వరసగా అన్నీ 3,60,00,054. కొత్త కెమెరా 4000 బై 3000 ఫొటోని కంప్రెస్ చేయకుండా బీఎంపీగా ఇస్తోంది. చుక్కకి మూడు బైట్ల చొప్పున మూడు కోట్ల అరవై లక్షలు, పైన హెడర్ 54. సర్వర్ హద్దు 64 ఎంబీ కాబట్టి లోపలికి దూరింది. 24 ఎంబీ దాటింది కాబట్టి బయటికి రాలేదు.

బ్యాట్ ఫైల్లో డంప్ కమాండ్ పక్కనే మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ 512ఎం అని ఆప్షన్ చేర్చాను. బ్యాకప్ చివరిదాకా పడింది. కాన్ఫిగ్ ఫైల్లో రాసుకోవచ్చు కదా అంటారేమో. విండోస్‌లో సర్వర్ చదివే ఫైలు ప్రోగ్రామ్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటుంది, డంప్ ప్రోగ్రామ్ తనంతట తాను దాన్ని చదవదు. కమాండ్‌లోనే రాయండి, గొడవ ఉండదు.

అయిపోయిందనుకుని కొత్త కంప్యూటర్‌లో ఎక్కించబోతే ఎర్రర్ 2006, మైఎస్‌క్యూఎల్ సర్వర్ హాజ్ గాన్ అవే. కంప్యూటరు అమ్మిన షాపు కుర్రాడు కేబుల్ మార్చాడు, యూపీఎస్ మార్చమన్నాడు. ఫైలూ సర్వరూ ఒకే పెట్టెలో ఉంటే కేబుల్ ఏం చేస్తుంది నాయనా? సంగతేమిటంటే, మా బ్యాట్ ఫైల్లో హెక్స్ బ్లాబ్ అని ఒక ఆప్షన్ ఉంది. ఫొటో పాడవకుండా ప్రతి బైట్‌నీ రెండు అక్షరాలుగా రాస్తుంది. 3,60,00,054 కాస్తా 7,20,00,108 అవుతుంది. కొత్త సర్వర్ హద్దు మళ్లీ అదే 6,71,08,864. దాటగానే సర్వర్ కనెక్షన్ తెంచేస్తుంది, దానికే ఆ మెసేజ్. ఇక్కడ మాత్రం సర్వర్ విలువ పెంచాలి, అల్లుడు గారి సలహా ఇక్కడ పనికొచ్చింది. సెట్ పర్సిస్ట్‌తో 512 ఎంబీ పెట్టాను, ఎక్కించే కమాండ్‌లో కూడా అంతే రాశాను. లెడ్జర్ వచ్చింది, పైసాతో సహా సరిపోయింది. గరిష్ఠం 1 జీబీ, అంతకు మించి పెట్టనివ్వదు.

మీ దగ్గర ఇలాంటి బ్యాట్ ఫైలు ఉంటే ఇవాళే ఫైలు చివరి వరుస చూడండి. డంప్ కంప్లీటెడ్ అని తేదీతో ఉండాలి. లేకపోతే అది బ్యాకప్ కాదు. ఎర్రర్‌లని వేరే ఫైలుకి మళ్లించండి. పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైలు చేయకండి, యూటీఎఫ్-16 అనే వేరే అక్షరాల పద్ధతిలో పడి ఎక్కించేటప్పుడు ఏడిపిస్తుంది, రిజల్ట్ ఫైల్ ఆప్షన్ వాడండి. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు, బ్యాకప్ తీసి చూపిస్తే చాలదు, ఇంకో కంప్యూటర్‌లో ఎక్కించి చూపిస్తేనే డబ్బులిస్తామనండి. ఫొటోలు డేటాబేస్‌లో కాకుండా ఫోల్డర్‌లో పెట్టగలరా అని కూడా అడగండి. మొహం మాడుస్తారు, అయినా అడగండి.

కెమెరాని జేపీజీకి మార్చేశాం. ఓనరు గారు మాత్రం వచ్చినవాళ్లందరికీ "మా అల్లుడు బాగుచేశాడు" అనే చెబుతున్నారు. నిన్న సాఫ్ట్‌వేర్ వాళ్ల ఏఎంసీ బిల్లు వచ్చింది, అందులో బ్యాకప్ సపోర్ట్ అని విడిగా ఒక లైను. ఆ ఎర్రర్ 2020 తెరని ప్రింట్ తీసి బిల్లుకి పిన్ కొట్టి తిప్పి పంపాను.