వదిన చేతిలో లాప్‌టాప్

ఇవాళ ఆ పోస్టర్ మళ్ళీ కంటపడింది, లేకపోతే ఈపాటికి నిద్రపోయేదాన్ని.

ఇక్కడ అమెరికాలో కుట్టు షాపు నడుపుతున్న మా వదిన మొహాన్ని తలుపంత చేసి, కింద మైనారిటీ మహిళల వ్యాపారాలకు మేమున్నామని రాసి, అప్పులిచ్చే ఆ సంస్థవాళ్ళు (పేరెందుకులెండి) ఆఫీసు అద్దాలకి అంటించారు. అదే ఆఫీసులో వదిన లోన్ అప్లికేషన్ పోయిన చలికాలం నుంచి పరిశీలనలోనే ఉంది. ఇవాళ వెళ్ళి అడిగితే రెండేళ్ళ టాక్స్ రిటర్నులు మళ్ళీ పంపమన్నారు. మళ్ళీ! వదిన సరేనని తలూపి తన ఫోటో పక్కనుంచే బయటికి నడిచింది, వెనకాల నేను పళ్ళు నూరుకుంటూ.

ఆ ఫోటో తీసినరోజు నేనక్కడే ఉన్నాను. మెడలో టేపు, చేతికి పిన్ కుషన్, చీరంతా దారప్పోగులు, అచ్చం వదినలాగే ఉంది వదిన. ఫోటోలు తీసే అమ్మాయి పాపం మర్యాదగానే ఆ టేపు తీసెయ్యమంది, పోగులు దులుపుకోమంది, బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషీన్ ఫ్రేములో పడుతోందని పక్కకి జరిపించింది. తర్వాత చేతికో లాప్‌టాప్ ఇచ్చి దాన్ని చూసి నవ్వమంది. అది ఆన్ కూడా చెయ్యలేదు, నల్లటి స్క్రీన్. బొట్టు మాత్రం ఉంచమంది, ఇంకాస్త పెద్దదేమైనా ఉందా అని కూడా అడిగింది. మెషీన్ కొనడానికి అప్పడిగిన మనిషి ఫోటోలోంచి మెషీనే తీసేశారంటే ఏమనుకోవాలి?

ఈమధ్య ఏ బ్రోషర్ తెరిచినా ఇదే వరస. నల్లజాతి అమ్మాయి ఒకరు, కొరియా అమ్మాయిలా ఒకరు, మనలాంటిది ఒకరు, ముగ్గురూ ఒకే లాప్‌టాప్ మీదికి వంగి పగలబడి నవ్వుతుంటారు. అందులో అంత జోకేముందో నాకెవరూ చెప్పలేదు.

అందుకే అన్నం తింటూ మా ఆయనతో అన్నాను, ఈ బొమ్మలన్నీ దండగ, చెక్కు రాసినవాళ్ళ మాట చెప్పండి అని. ఆ చెక్కులు రాసినవాళ్ళకేమైందో చూశాం కదా. అట్లాంటాలో ఫియర్‌లెస్ ఫండ్ అని, నల్లజాతి ఆడవాళ్ళ వ్యాపారాలకు 20,000 డాలర్ల గ్రాంటు ఇచ్చేది. ఒక జాతివాళ్ళకే ఇవ్వడం వివక్ష అని 2023లో దాని మీద కేసు పడింది. అదీ ఏ చట్టం కిందనుకున్నారు? 1866 నాటి పౌరహక్కుల చట్టం. బానిసత్వంలోంచి అప్పుడే బయటపడ్డవాళ్ళు తెల్లవాళ్ళతో సమానంగా ఒప్పందాలు చేసుకోగలగాలని పెట్టిన చట్టం! 2024 జూన్‌లో అప్పీలు కోర్టు గ్రాంటు ఆపమంది, సెప్టెంబరులో రాజీ కుదిరింది, ఆ గ్రాంటు మూతపడింది. పోస్టర్‌లో నవ్వించినందుకు మాత్రం ఎవరూ ఎవర్నీ కోర్టుకి లాగినట్టు లేదు.

ఇక్కడిదాకా రాసి పడుకుందామనుకున్నాను. కానీ బొమ్మలు దండగ అన్న మాట నా నోట్లోంచి రావడమేమిటి అనిపించింది, ఎందుకంటే నా సంబంధాల ఫోటో గుర్తొచ్చింది.

మీలో కొందరికి ఆ కథ ముక్కలుముక్కలుగా తెలుసు. అమ్మ నన్ను స్టూడియోకి తీసుకెళ్ళింది. గోడమీద కొలను, హంసలు, అద్దం దగ్గర పౌడర్ డబ్బా, ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో కట్టిన దువ్వెన. స్టూడియో ఆయన నా రంగు ఒకసారి చూసి, అమ్మ ఏమీ అడక్కముందే "కాస్త టచప్ చేస్తాలెండమ్మా" అన్నాడు. అమ్మ ఎంత రిలీఫ్‌గా తలూపిందో నాకిప్పటికీ కనిపిస్తుంది. ఫోటో వచ్చాక చూస్తే మెడ నాదే, పైన మొహం మాత్రం ఎవరిదో. నాన్న కళ్ళజోడు పైకెత్తి "ఎవరే ఈ పిల్ల?" అన్నారు, సరదాకి కాదు, నిజంగానే అడిగారు. ఆ పిల్ల ఫోటో చాలా ఇళ్ళకి వెళ్ళొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ ఫోటోనీ నన్నూ మార్చిమార్చి చూసేవాళ్ళు, నేను కాలిగోళ్ళు చూసుకునేదాన్ని. "ఫోటో కంటే పిల్లే బాగుందిరా" అని గట్టిగా పైకే అన్నది ఒక్క మనిషి. వదినే. ఈ పోస్టర్ మీద నాకింత కడుపుమంట ఎందుకో ఇప్పుడర్థమైందా?

ఆ స్టూడియో ఆయన్ని ఏళ్ళ తరబడి తిట్టుకున్నాను. అమెరికా వచ్చాక షర్లీ కార్డుల గురించి చదివాను. కొడాక్ వాళ్ళు రంగులు సరిచూసుకోవడానికి 1950ల నుంచి ల్యాబులకి పంపిన నమూనా ఫోటోలు అవి, వాటిలో ఉన్నది తెల్లమ్మాయి. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగా వచ్చినట్టే లెక్క. ముదురు రంగులు సరిగ్గా రావట్లేదని గట్టిగా గోలపెట్టింది ఎవరయ్యా అంటే చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలట! డార్క్ చాక్లెట్‌కీ మిల్క్ చాక్లెట్‌కీ తేడా తెలియాలి కదా మరి. రకరకాల చర్మాల ఆడవాళ్ళతో కార్డులు రావడానికి 1990లు కావాల్సొచ్చింది. అంటే బొమ్మలో ఎవరున్నారన్నది అంత చిన్న విషయమేం కాదు. 2017లో పాటలు పాడే రియానా తన మేకప్ కంపెనీ ఫెంటీ బ్యూటీని ఒకేసారి 40 షేడ్ల ఫౌండేషన్‌తో తెస్తే మిగతా కంపెనీలు పరుగులు పెట్టాయి. కళ్ళకింద నలుపు కనపడకుండా ఎర్ర లిప్‌స్టిక్ రాసుకుని 2015లో వీడియో పెట్టిన దీపిక ముత్యాల, 2018లో లైవ్ టింటెడ్ అనే మేకప్ కంపెనీ మొదలుపెట్టింది. ఆ ఇంటిపేరు చూసి నేనెంత మురిసిపోయానో చెప్పుకుంటే సిగ్గు.

మరి వదిన పోస్టర్ ఎందుకు గుచ్చుకుంటోంది? ఆంట్ జెమైమా పాన్‌కేకుల పెట్టె తెలుసు కదా. బానిసగా పుట్టిన నాన్సీ గ్రీన్‌ని 1893 చికాగో ఎగ్జిబిషన్‌లో ఆ వేషంలో నిలబెట్టారు. నవ్వే నల్లజాతి వంటమనిషి బొమ్మతో 2020 దాకా సరుకు అమ్ముకున్నారు, కంపెనీ మాత్రం ఆవిడది కాదు. దాదాపు ఆ కాలంలోనే బట్టలుతుక్కుని బతికిన మేడమ్ సి.జె. వాకర్ జుట్టు మందు తయారుచేసి, డబ్బా మీద తన మొహమే వేసుకుంది. 1910లో ఇండియానాపోలిస్‌కి మారి ఫ్యాక్టరీ పెట్టింది, వేలమంది ఆడవాళ్ళకి పని నేర్పించింది. రెండూ నల్లజాతి ఆడమనిషి మొహాలే, కానీ ఒక డబ్బా మీదున్న మనిషికి ఆ డబ్బా సొంతం. వదిన పోస్టర్ ఆ పాన్‌కేకుల పెట్టె రకం.

ఇదంతా ఇందాక ఫోన్లో వదినకి చెబితే "ఊరుకోవే, ఫోటో బాగుంది కదా" అంది. అప్పటికే దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసుకుంది. పైగా పోస్టర్ చూసి ఒకావిడ షాపు వెతుక్కుంటూ వచ్చిందట, కుట్టు నేర్పిస్తారా అని. శనివారం రమ్మందట. సంతోషమే.

కానీ లోన్ రాలేదు. బట్టలిచ్చే సంచుల మీద తన ఫోటో వేయించుకుంటానంటోంది వదిన. టేపు తీస్తే ఊరుకోనని చెప్పాను. లాప్‌టాప్‌తో తీసిందే వేయిస్తానంటుంది, అందులో సన్నగా కనిపిస్తోందట! దాని మీద రేపు మళ్ళీ వాదించాలి. ఈలోగా టాక్స్ కాగితాలు స్కాన్ చేస్తానన్న మా ఆయన గురకపెడుతున్నారు, స్కానర్ వైరు ఎక్కడ పెట్టారో చెప్పకుండా.